తొమ్మిది ఎత్తులు, పన్నెండు వారాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం గురించి. జిల్లా స్థాయి పవర్‌లిఫ్టింగ్ పోటీలో తొలిసారి పేరు ఇవ్వాలనుకునేవారి సందేహాలు అవి. రాసినవారిలో ఆటే జీవనంగా ఉన్నవారు ఒక్కరూ లేరు. బ్యాంకు కౌంటరు, రైస్ మిల్లు, బడి, వంటిల్లు దాటి మిగిలిన సమయంలో బరువుల బార్ పట్టుకుంటున్నవారే అందరూ. అందుకే ఈసారి శీర్షిక మొత్తం వారికే ఇచ్చాను.

ఈ ఆట తెలియనివారి కోసం నాలుగు మాటలు. ఇందులో ఎత్తులు మూడు: స్క్వాట్ (బార్ భుజాల మీద పెట్టుకుని కిందికి దిగి లేవడం), బెంచ్ ప్రెస్ (బల్ల మీద పడుకుని బార్‌ను ఛాతీ దాకా దించి పైకి తోయడం), డెడ్‌లిఫ్ట్ (నేల మీది బార్‌ను పట్టుకుని నిటారుగా లేవడం). ఒక్కోదానికి మూడు అవకాశాలు ఇస్తారు. మూడింటిలోనూ చెల్లిన అతి ఎక్కువ బరువులను కలిపితే వచ్చేదే మీ మొత్తం. ఏ ఒక్కదానిలోనైనా మూడు అవకాశాలూ పోతే మొత్తమే ఉండదు, మిగతా రెండూ ఎంత బాగా ఎత్తినా సరే. ఈ ఒక్క నియమం బుర్రలో పెట్టుకుంటే కింద నేను చెప్పబోయే జాగ్రత్తలన్నీ ఎందుకో అర్థమవుతాయి.

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. బ్యాంకులో ఉద్యోగం. ఇద్దరు పిల్లలు, చిన్నవాడికి నాలుగేళ్లు. ఏడాదిన్నరగా తెల్లవారుజామున జిమ్‌కు వెళుతున్నాను. స్క్వాట్ 70, బెంచ్ 40, డెడ్‌లిఫ్ట్ 90 కిలోల వరకు చేశాను. మూడు నెలల్లో జిల్లా పోటీలు ఉన్నాయి. వారానికి ఆరు రోజులు రావాలని మా కోచ్ అంటున్నారు, నాకు మూడు రోజులకు మించి కుదరదు. నా బరువు 64.5 కిలోలు, 63 విభాగానికి తగ్గమని కూడా అంటున్నారు. ఇంకొక విషయం ఎవరికీ చెప్పుకోలేకపోతున్నాను. బరువు ఎక్కువైనప్పుడు ఒక్కోసారి నాలుగు చుక్కలు మూత్రం పడుతోంది. అందరి ముందు అలా జరిగితే ఎలా? పోటీ ఆలోచన మానుకోమంటారా?
*— పేరు వద్దన్న పాఠకురాలు, తెనాలి*

జవాబు: చెల్లీ, మానుకోవద్దు. చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. మిగతావన్నీ మీ కోచ్ కూడా చెప్పగలరు, ఇది మాత్రం మీరు ఆయనను అడగలేరు కదా.

కాన్పులైన స్త్రీలలో, ముఖ్యంగా బరువులెత్తేవారిలో, ఇది చాలామందికి ఉన్న ఇబ్బంది. పొత్తికడుపు కింద మూత్రాశయాన్ని, గర్భాశయాన్ని మోస్తున్న కండరాల మీద ఒక్కసారిగా ఒత్తిడి పెరిగినప్పుడు అవి పట్టు సడలిస్తాయి. దగ్గినా తుమ్మినా జరిగేది ఇదే. ఎక్కువమందికి ఉంది కాబట్టి భరించమని నేను అనను. వైద్యం ఉంది. ముందు స్త్రీల వైద్యురాలికి చూపించుకుని, గర్భాశయం జారడం, ఇన్ఫెక్షన్ లాంటివి లేవని తేల్చుకోండి. ఆ కండరాలకు వ్యాయామం నేర్పే ఫిజియోథెరపిస్టులు ఇప్పుడు విజయవాడ, గుంటూరు వంటి ఊళ్లలో దొరుకుతారు. మూత్రం ఆపుకుంటున్నట్టు బిగించి, కొన్ని క్షణాలు పట్టి, పూర్తిగా వదలడం అందులో మొదటి మెట్టు. వదలడం కూడా బిగించడమంత ముఖ్యం. దీనికి జిమ్ అక్కరలేదు, కౌంటర్‌లో కూర్చుని కూడా చేయవచ్చు.

బార్ దగ్గర చేయవలసింది ఒకటి ఉంది. ఏ బరువు దగ్గర ఇబ్బంది మొదలవుతోందో గమనించి, కొన్ని వారాలు దానికి ఒక మెట్టు కిందే పని చేయండి. శ్వాస పీల్చి బిగబట్టేటప్పుడు ఒత్తిడిని కిందికి తోస్తున్నారేమో చూసుకోండి. బెల్టు మరీ బిగించినప్పుడు చాలామంది అలాగే తోస్తారు. గాలి నడుము చుట్టూ, పక్కలకూ వెనక్కూ నిండాలి. ఒక రంధ్రం వదులు చేసి చూడండి. భయపడి నీళ్లు తాగడం మాత్రం మానకండి. పోటీ రోజున నల్లటి సింగ్లెట్ (ఒంటికి అతుక్కుని ఉండే పోటీ దుస్తు), లోపల ప్యాడ్. నేను రిఫరీ కుర్చీలో కూర్చుని ఇది వేదిక మీద చూశాను. ఆ అమ్మాయి ఎత్తు చెల్లింది, మూడు తెల్లదీపాలు వెలిగాయి. దీనికి ఎర్రదీపం వేయమని ఏ నిబంధనా చెప్పదు.

ఇక రోజుల సంగతి. మూడు రోజులు చాలు. రాత్రి పదిన్నరకు గిన్నెలు సర్దుకుని నాలుగున్నరకు లేచే మనిషికి ఆరు రోజుల పథకం ఇస్తే మూడో వారానికల్లా నిద్ర కరవై నడుము పట్టేస్తుంది. బలం పెరిగేది బార్ కింద కాదు, తరువాత తిని పడుకున్నప్పుడు. ఆ సమయాన్ని కోసేసి జిమ్‌కు ఇస్తే లాభం లేదు. మంగళ, గురు, శనివారాలు అనుకోండి. మంగళవారం స్క్వాట్, బెంచ్. గురువారం డెడ్‌లిఫ్ట్, తేలికగా బెంచ్, వీపుకు ఒక వ్యాయామం. శనివారం మళ్లీ స్క్వాట్, బెంచ్, చివర తేలికగా డెడ్‌లిఫ్ట్. శనివారం పని ఎక్కువ, కనీసం రెండు గంటలు పడుతుంది. ఆ రెండు గంటలు పిల్లలను చూసుకోవడం మీ ఆయన బాధ్యత అని ఇప్పుడే మాట్లాడుకోండి. ‘ఈ ఒక్కసారికి సాయం’ అని అడిగితే ఐదో వారంలో ఏదో పెళ్లి వస్తుంది, ఆ సాయం ఆగిపోతుంది.

బరువులు ఎలా పెంచాలో మీ స్క్వాట్‌తోనే చెబుతాను. మొదటి నాలుగు వారాలు 50 కిలోల దగ్గర ఐదేసి చొప్పున నాలుగు సెట్లు. తరువాతి నాలుగు వారాలు 55 నుంచి 57.5 కిలోలతో నాలుగేసి. తొమ్మిదో వారం నుంచి 60 దాటి రెండేసి, పదకొండో వారానికి 65 దగ్గర ఒకటేసి. చివరి బరువైన డెడ్‌లిఫ్ట్ పోటీకి పది రోజుల ముందు, చివరి బరువైన స్క్వాట్ వారం ముందు అయిపోవాలి. పన్నెండో వారం ఒళ్లు కదలడానికి తప్ప దేనికీ కాదు. ఆ వారంలో ‘ఒక్కసారి 75 వస్తుందేమో చూద్దాం’ అనే కోరిక పుడుతుంది. అందరికీ పుడుతుంది. దానికి లొంగినవారు పోటీలో ఆ 75 ఎత్తలేరు. పిల్లవాడికి జ్వరం వచ్చి ఒక వారం పోతే, తిరిగి వచ్చాక ఆ మానేసిన వారం పని నుంచే మొదలుపెట్టండి. రెండు వారాల పని ఒక వారంలో కుక్కకండి.

63కు తగ్గడం అనవసరం. స్త్రీలకు 57, 63, 69, 76 ఇలా విభాగాలుంటాయి, మీరు 69లో ఎత్తండి. అంతర్జాతీయ సమాఖ్య అయిన ఐపీఎఫ్ నిబంధనల ప్రకారం పోటీ మొదలవడానికి రెండు గంటల ముందు తూకం మొదలవుతుంది. కిలోన్నర నీరు ఒంట్లోంచి పిండేసుకుని తూగితే, తిరిగి కోలుకోవడానికి ఆ రెండు గంటలు చాలవు. మీరు రాసిన ఇబ్బందికి నీళ్లు మానడం ఇంకా చెరుపు. కోచ్ గట్టిగా పట్టుబడితే ఈ పేజీ చూపించండి.

ఇప్పుడు నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచుకున్నది. తొలి పోటీలో ఎత్తులు పోయేది బలం చాలక కాదు. ఆజ్ఞ వినకుండా కదలడం వల్ల, లోతు చాలకపోవడం వల్ల పోతాయి. ముగ్గురు రిఫరీలుంటారు, ఇద్దరు తెల్లదీపం వేస్తే ఎత్తు చెల్లినట్టు. స్క్వాట్‌లో బార్ వెనక్కి తెచ్చుకుని మోకాళ్లు బిగించి కదలకుండా నిలబడితే ‘స్క్వాట్’ అంటారు, అప్పుడే దిగాలి. లేచి నిలదొక్కుకున్నాక ‘రాక్’ అనేవరకు ఒక్క అడుగు కదపకూడదు. బెంచ్‌లో మూడు ఆజ్ఞలు: ‘స్టార్ట్’, ఛాతీ మీద బార్ నిశ్చలంగా ఆగాక ‘ప్రెస్’, చేతులు పూర్తిగా చాపాక ‘రాక్’. డెడ్‌లిఫ్ట్‌కు మొదట ఆజ్ఞ లేదు, నిటారుగా నిలిచాక ‘డౌన్’ ఒక్కటే. బార్‌ను చేతులతో దించాలి, వదిలేయకూడదు.

ఎనిమిదో వారం నుంచి మీతో పాటు వచ్చే ఎవరైనా ఒకరిని ఈ మాటలు గట్టిగా అనమనండి. కావాలని ఆలస్యంగా అనమనండి. ఛాతీ మీద బార్ ఆపి ‘ప్రెస్’ కోసం ఎదురుచూస్తే, జిమ్‌లో ఎగరేసి చేసిన 40 కాస్తా 35, 37.5 అవుతుంది. అదే మీ నిజమైన బెంచ్. మన జిమ్‌లలో వెనక నిలబడినవారు ‘నీదే, నీదే’ అంటూ రెండు వేళ్లు బార్ కింద పెడతారు. పోటీలో అలా కాపాడడానికి నిలబడే స్పాటర్ వేలు తగిలితే ఆ ఎత్తు చెల్లదు. ఈ రోజు నుంచే ఆ వేళ్లు వద్దని చెప్పండి.

స్క్వాట్ లోతుకు కొలత ఇది: తొడ పైభాగం తుంటి కీలు దగ్గర మోకాలి పైభాగం కంటే కిందికి దిగాలి. సమానంగా ఉంటే చాలదు. ఫోను పక్కగా, తుంటి ఎత్తులో పెట్టి తీయించుకోండి. పై నుంచి తీస్తే లోతు సరిగ్గా కనిపించదు, ముందు నుంచి తీస్తే ఏమీ తెలియదు. ఎవరూ ముందుగా చెప్పని చిన్న సంగతి మరొకటి. బెంచ్ మీద పడుకున్నప్పుడు తల ఆనినట్టు రిఫరీకి కనిపించాలి, జుట్టు దాన్ని కప్పకూడదు. తల వెనక కొప్పు ముడిస్తే తల లేచే ఉంటుంది, ఆపి జుట్టు సరిచేసుకు రమ్మంటారు, గాభరా మొదలవుతుంది. నడినెత్తిన ముడి వేసుకోండి, లేదా జడ పక్కకు వేసుకోండి. సూత్రాల గొలుసు సరిగ్గా బార్ దిగే చోట ఉంటుంది. తీసి నమ్మకమైనవారి దగ్గర ఉంచుతారో, టీషర్టు లోపల పక్కకు తిప్పి పిన్ను పెట్టుకుంటారో మీ ఇష్టం. బార్ కింద మాత్రం ఉండకూడదు. ఆ రోజు కాళ్లకు, ఒంటికి నూనె, క్రీము ఏదీ రాయవద్దు, నిషేధం. పౌడరు వేసుకోవచ్చు. డెడ్‌లిఫ్ట్‌కు మోకాలి కిందివరకు వచ్చే పొడవాటి మేజోళ్లు తప్పనిసరి.

ఇక తొమ్మిది ఎత్తులకు బరువులు. మొదటిది నిద్ర చాలని రోజున కూడా మూడుసార్లు చేయగలిగినంతే ఉండాలి. మీకైతే స్క్వాట్ 62.5, 67.5, తరువాత 70 లేదా 72.5. బెంచ్ 32.5, 35, 37.5. డెడ్‌లిఫ్ట్ 80, 87.5, 92.5. ఎత్తు అయిన ఒక్క నిమిషంలో తరువాతి బరువు చెప్పాలి కాబట్టి ఇవి కాగితం మీద రాసుకుని వెళ్లండి. బార్ 20 కిలోలు, ప్లేట్లు జారకుండా బిగించే రెండు కాలర్లు కలిపి 5 కిలోలు, అంటే ఖాళీ బార్ లెక్క 25. వేడెక్కేటప్పుడు ఈ లెక్క తప్పకండి. 92.5 సునాయాసంగా లేచి, ఇంకా ఎత్తగలిగేదాన్నే అనిపిస్తే విచారించకండి. తొమ్మిదికి తొమ్మిది చెల్లడమే ఈసారి మీ పని. మిగిలిన బలం రెండో పోటీకి పనికొస్తుంది.

ప్రశ్న: నేను రైస్ మిల్లులో పని చేస్తూ డిగ్రీ చదువుతున్నాను. 20 ఏళ్లు, బరువు 71 కిలోలు. రోజూ బస్తాలు మోస్తాను కాబట్టి బలం ఉంది. మా జిమ్‌లో స్టాండు తప్ప స్క్వాట్ రాక్ లేదు. జిల్లా పోటీకి ఇంజెక్షన్ల కోర్సు తీసుకోమని, లేదంటే ప్రొటీన్ డబ్బా అయినా తప్పదని అక్కడివారు అంటున్నారు. అంత డబ్బు లేదు. ఏమి చేయాలి?
*— ఒక పాఠకుడు, మిర్యాలగూడ*

జవాబు: తమ్ముడూ, డబ్బు లేకపోవడం ఈ విషయంలో నీకు మేలే చేసింది. ఉన్నా ఆ ఇంజెక్షన్లు వద్దు. బయటి నుంచి మగ హార్మోను ఎక్కిస్తే ఒంట్లో సొంతంగా తయారయ్యేది ఆగిపోతుంది, వృషణాలు కుంచించుకుపోతాయి, గుండె మీదా కాలేయం మీదా భారం పడుతుంది. ఇరవై ఏళ్ల వయసులో నీ ఒంట్లో సహజంగా ఉన్నదే చాలా ఎక్కువ. డోపింగ్ పరీక్షలో దొరికితే ఏళ్ల తరబడి నిషేధం. వీటి పేరు ఎత్తిన మనిషి దగ్గర ఆట నేర్చుకోవద్దు. మన దేశంలో ఒకటికి మించి సంఘాలు పవర్‌లిఫ్టింగ్ పోటీలు నడుపుతున్నాయి. పేరు ఇచ్చే ముందు అది ఏ జాతీయ సంఘానికి, ఏ అంతర్జాతీయ సమాఖ్యకు అనుబంధమో, డోపింగ్ పరీక్షలు ఉంటాయో లేదో అడుగు. అడగడం నీ హక్కు.

డబ్బా కూడా అవసరం లేదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో కండల కోసం ప్రొటీన్ పొడులు వాడవద్దని చెప్పింది. నీ బరువుకు రోజుకు 110 గ్రాముల మాంసకృత్తులు అందితే సరిపోతుంది. ఒక గుడ్డులో 6 గ్రాములు, నాలుగు తింటే 24. 50 గ్రాముల మీల్‌మేకర్‌లో దాదాపు 25. 100 గ్రాముల వేరుశనగ గింజల్లో మరో 25. నానబెట్టి ఉడికించిన ఉలవలు గుప్పెడు, రెండు పూటలా చిక్కటి పప్పు, పెరుగు. అన్నంలోనూ కొంత ఉంటుంది. ఆదివారం కోడికూర. లెక్క తేలిపోయింది. అన్నం మానేయమని ఎవరైనా అంటే వినకు, బస్తాలు మోసే ఒంటికి అది కావాలి.

నీ అసలు చిక్కు వేరే. బస్తాలు మోయడం కూడా శిక్షణే. లారీ లోడు ఉన్న రోజున నీ నడుము డెడ్‌లిఫ్ట్ అప్పటికే చేసేసింది. ఆ సాయంత్రం జిమ్‌కు వెళ్లినా బెంచ్ ఒక్కటి చేసి రా. స్క్వాట్, డెడ్‌లిఫ్ట్ లోడు లేని రోజులకు ఉంచుకో. లోడు ఎప్పుడు వస్తుందో ముందే తెలియదంటావు, నిజమే. అందుకే వారాలను సోమ, బుధ అని కట్టేసుకోకుండా ‘ఒకటో పని, రెండో పని, మూడో పని’ అని వరుస పెట్టుకో. ఏ రోజు ఒళ్లు సహకరిస్తే ఆ రోజు వరుసలో తరువాతిది చేయి. బస్తా ఎప్పుడూ ఒకే భుజం మీద వేసుకుంటావా? భుజం మారుస్తూ ఉండు, లేకపోతే స్క్వాట్‌లో బార్ ఒక పక్కకు ఒరుగుతుంది. మిల్లు కూలీల ఎత్తు చూసేటప్పుడు నేను మొదట గమనించేది అదే.

పడే బార్‌ను ఆపే కడ్డీలు లేని స్టాండుతో కూడా స్క్వాట్ చేయవచ్చు, కానీ బరువు పెరిగేకొద్దీ రెండు వైపులా ఇద్దరు ఉండి తీరాలి. ఎప్పుడైనా ఒంటరిగా బెంచ్ చేయవలసి వస్తే కాలర్లు బిగించకు. బార్ ఛాతీ మీద చిక్కుకుంటే పక్కకు వంచి ప్లేట్లు జార్చేయవచ్చు. బొటనవేలు బార్ చుట్టూ తిప్పకుండా పట్టుకునే అలవాటు ఉంటే ఈ రోజే మాను. ప్రమాదం మాత్రమే కాదు, పోటీలో ఆ పట్టు చెల్లదు. మీ మిల్లులో కాటా ఉంది కదా. అడిగి, జిమ్ బార్‌ను, ప్లేట్లను ఒకసారి దాని మీద తూచు. చాలా జిమ్‌లలో 20 అని రాసి ఉన్న బార్ పదిహేనో పదహారో ఉంటుంది. పోటీ రోజున ఆ తేడా తెలియడం కన్నా ఇప్పుడే తెలియడం మంచిది.

నువ్వు 74 కిలోల విభాగంలోకి, 19 నుంచి 23 ఏళ్ల జూనియర్ వర్గంలోకి వస్తావు. మెత్తటి అడుగున్న పరుగు బూట్లు వద్దు, చదునైన కాన్వాస్ బూట్లు చాలు. బెల్టు ఎవరిదైనా అరువు తెచ్చుకో, వెడల్పు 10 సెంటీమీటర్లు మించకూడదు. కొనవలసినవి సింగ్లెట్, డెడ్‌లిఫ్ట్‌కు పొడవాటి మేజోళ్లు మాత్రమే.

ప్రశ్న: ప్రభుత్వ పాఠశాలలో గణితం చెబుతాను. వయసు 51. నాలుగేళ్లుగా బీపీ ఉంది, మాత్ర వేసుకుంటే అదుపులోనే ఉంటుంది. నడుము నొప్పి తగ్గడానికని మొదలుపెట్టి డెడ్‌లిఫ్ట్ 120 దాకా వచ్చాను. నా వయసువారికి పోటీలు ఉంటాయా? బీపీతో పోటీ చేయవచ్చా?
*— ఒక ఉపాధ్యాయుడు, హనుమకొండ*

జవాబు: మాస్టారూ, ఉంటాయి. నలభై నిండే సంవత్సరం నుంచి మాస్టర్స్ వర్గం మొదలవుతుంది. 40–49 ఒకటి, 50–59 రెండోది, 60–69 మూడోది, 70 దాటినవారికి నాలుగోది. మీరు రెండో వర్గం. ఇంత చక్కగా వయసును లెక్కలోకి తీసుకునే ఆటలు తక్కువ.

బీపీ విషయంలో నా మాట కన్నా మీ డాక్టరు మాట ముఖ్యం. ‘వ్యాయామం చేయవచ్చా’ అని అడిగితే ‘చేయండి’ అంటారు, ఆ జవాబు మీకు పనికిరాదు. ‘శ్వాస బిగబట్టి, నా పూర్తి శక్తితో ఒక్కసారి బరువు ఎత్తుతాను, ఆ క్షణంలో రక్తపోటు చాలా పైకి పోతుంది, నా గుండె దానికి తగునా’ అని అడగండి. ఈసీజీ, ఎకో చేయించమంటే చేయించండి. ఇంట్లో మిషనుతో రెండు వారాలు ఉదయం సాయంత్రం కొలిచి, రాసుకుని తీసుకెళ్లండి. శిక్షణలో ఎక్కువ రోజులు మూడేసి, నాలుగేసి చొప్పున, ఇంకా రెండు మిగిలి ఉండగానే ఆపండి. గొంతు బిగించి ఊగుతూ లాగే ఎత్తు మీకు వద్దు. తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు, ఛాతీలో బరువు వస్తే అక్కడితో ఆపి, వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

మరో ముఖ్యమైన సంగతి ఉంది. మీ మాత్ర అట్ట తీసి వెనక రాసిన మందుల పేర్లు చదవండి. టెల్మిసార్టాన్ ఒక్కటే ఉంటే చిక్కు లేదు. చాలామందికి దానితో హైడ్రోక్లోరోథయజైడ్ గానీ క్లోర్‌థాలిడోన్ గానీ కలిపి ఇస్తారు. ఇవి మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మందులు, ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ నిషేధ జాబితాలో ఉన్నాయి. బలం పెంచుతాయని కాదు, బరువు త్వరగా దించడానికీ, వేరే మందులను కప్పిపుచ్చడానికీ వాడతారని. మీరుగా మాత్ర మానేయకండి, దయచేసి. మార్చడానికి వీలుందేమో డాక్టరును అడగండి. లేకపోతే వైద్య కారణాలతో మినహాయింపు కోరే పద్ధతి ఉంది, దాని గురించి నిర్వాహకులతో ముందే మాట్లాడండి.

పరీక్షల నెలలో పోటీ పడితే వదిలేయండి. పేపర్లు దిద్దుతూ రాత్రిళ్లు మేలుకునే రోజుల్లో మీ బీపీ ఎలా ఉంటుందో మీకే తెలుసు.

ప్రశ్న: మా అమ్మాయికి 15 ఏళ్లు. బడిలో పీఈటీ గారు చూసి పవర్‌లిఫ్టింగ్‌కు పంపమన్నారు. ఎత్తు పెరగదని, రేపు పిల్లలు పుట్టరని బంధువులు భయపెడుతున్నారు. ఆ బిగుతు దుస్తులకు వాళ్ల నాన్న ఒప్పుకోవడం లేదు.
*— ఒక తల్లి, శ్రీకాకుళం*

జవాబు: అమ్మా, మీరుండే జిల్లా నుంచే కరణం మల్లీశ్వరి వెళ్లి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కంచు పతకం తెచ్చారు. ఆవిడది వెయిట్‌లిఫ్టింగ్, బార్‌ను తల పైకి ఎత్తే ఆట. మీ అమ్మాయిది వేరు, ఇది ఒలింపిక్స్‌లో లేదు. తేడా ముందే తెలిసి ఉంటే మంచిదని చెబుతున్నాను. మంగళగిరి అమ్మాయి షేక్ సాదియా అల్మాస్ పవర్‌లిఫ్టింగ్‌లోనే అంతర్జాతీయ పతకాలు తెచ్చింది.

తెలిసిన కోచ్ పర్యవేక్షణలో, క్రమంగా బరువు పెంచుతూ చేస్తే ఎత్తు ఆగదు. పిల్లల వైద్యులు ఈ భయం ఎప్పుడో వదిలేశారు. పిల్లలు పుట్టరన్న మాటకు ఆధారమే లేదు. ఎదిగే పిల్లకు చెరుపు చేసేది బరువు విభాగం కోసం కడుపు మాడ్చడం. అలా చేస్తే నెలసరి ఆగిపోవచ్చు, ఎముకలు బలహీనపడవచ్చు. అందుకని కోచ్‌కు ఒకే షరతు పెట్టండి: తిండి తగ్గించి బరువు దించడం ఉండకూడదు. ఏ విభాగంలో తూగితే ఆ విభాగంలోనే ఎత్తాలి. నెలసరి లెక్క అమ్మాయినే రాసుకోమనండి, రెండు మూడు నెలలు తప్పితే డాక్టరుకు చూపించండి. మన ఆడపిల్లల్లో రక్తహీనత ఎక్కువ కాబట్టి హిమోగ్లోబిన్ పరీక్ష ఇప్పుడే చేయించండి.

దుస్తుల గురించి వాళ్ల నాన్నగారిని ఒకసారి జిల్లా పోటీకి తీసుకువెళ్లండి, అమ్మాయిని బరిలోకి దించకముందే. సింగ్లెట్ లోపల చేతులున్న టీషర్టు, కాళ్లకు పొడవాటి మేజోళ్లు ఉంటాయి. ఒళ్లు ఎక్కడ వంగుతోందో, లోతు చాలిందో లేదో రిఫరీకి కనబడడానికే ఆ బిగుతు. అక్కడ ఆడపిల్లలు ఎత్తుతుంటే హాలులో వాళ్ల నాన్నలు ఎలా నిలబడి అరుస్తారో ఆయన కళ్లారా చూస్తే, మీరు వాదించవలసిన పని తగ్గుతుంది. ఆయన కోచ్‌తో ముఖాముఖి మాట్లాడాలి కూడా. శిక్షణ జరిగే చోట ఇంకా ఆడపిల్లలు ఉన్నారా, మరో పెద్ద మనిషి ఎప్పుడూ ఉంటారా, బయటి ఊళ్లకు వెళితే వెంట ఎవరు వస్తారు అన్నవి అడగండి. అడిగినందుకు చిరాకుపడే కోచ్ అయితే వేరొకరిని వెతకండి.

ప్రశ్న: ప్రతి ఏడాదీ అయ్యప్ప మాల వేసుకుంటాను. ఈసారి జిల్లా పోటీ సరిగ్గా 41 రోజుల దీక్షలో పడింది. ఒంటిపూట భోజనంతో పోటీకి సిద్ధం కావడం కుదురుతుందా?
*— ఒక స్వామి, రాజమహేంద్రవరం*

జవాబు: స్వామీ, కుదరదు. తిండి మాట పక్కన పెట్టినా, వేదిక మీద పాదరక్షలు లేకుండా ఎత్తనివ్వరు. మీరు దీక్షలో చెప్పులు వేసుకోరు. ఆ మెలిక అక్కడే ఉంది. దీక్షకు గానీ పోటీకి గానీ సగం మనసు పెట్టవద్దు, ఈ ఏడాది పోటీ వదిలేయండి.

దీక్ష రోజుల్లో వారానికి రెండుసార్లు, మధ్యాహ్నం భిక్ష అయిన రెండు మూడు గంటలకు, మీ మామూలు బరువులో మూడింట రెండు వంతులతో కొద్ది సెట్లు చేస్తే సాధించిన బలం పెద్దగా తగ్గదు. నేల మీద పడుకుంటారు కాబట్టి నడుము పట్టిన రోజున డెడ్‌లిఫ్ట్ మానండి. భిక్షలో పప్పు, పెరుగు, శనగలు నిండుగా వడ్డించుకోండి, రాత్రి అల్పాహారంలో పాలు, వేరుశనగలు చేర్చుకోండి. కొండ ఎక్కి దిగి వచ్చాక పిక్కలు, మోకాళ్లు నాలుగైదు రోజులు నొప్పిగా ఉంటాయి. అవి తగ్గాక 12 వారాలు లెక్కపెట్టుకుని, ఆ తరువాత వచ్చే పోటీకి పేరు ఇవ్వండి.